టీ కొట్టువారి కంప్యూటరు

"సిస్టమ్ డౌన్ అయిందండీ, రేపు రండి."

ఈ మాట వినని వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు అదృష్టవంతులు. పూర్వం "గుమాస్తాగారు సెలవులో ఉన్నారు, రేపు రండి" అనేవారు. మనిషి కాబట్టి జ్వరం తగ్గాక వస్తాడులే అని ఓ ధీమా ఉండేది. ఈ సిస్టమ్‌గారికి ఏం జబ్బు చేసిందో, ఎప్పటికి తగ్గుతుందో చెప్పే నాథుడే ఉండడు.

అలా ఓ రోజు బ్యాంకు బెంచీ మీద కూచుని గోడగడియారం చూస్తుంటే నాకో సందేహం వచ్చింది. అసలీ కంప్యూటర్ని ఆఫీసు గుమ్మంలోకి మొట్టమొదట తీసుకొచ్చిన మహానుభావుడెవరు? నేను చదివింది బి.ఏ. యంత్రాలతో నా స్నేహం మిక్సీతో మొదలై మిక్సీతోనే ఆగింది. కానీ పాత కథలంటే చెవి కోసుకుంటాను. ఏ మిలిటరీ వాళ్ళో, ఏ కోటీశ్వరుల బ్యాంకో అయి ఉంటుందనుకుంటూ పుస్తకాలు తిరగేశాను. తీరా చూస్తే ఎవరనుకున్నారు? ఓ టీ కొట్టువాళ్ళు!

మన సందు చివర బడ్డీ లాంటిది కాదు లెండి. లండన్‌లో జె. లయన్స్ అండ్ కంపెనీ అని ఉండేది. 1894లో పికడిల్లీ వీధిలో మొదటి టీ దుకాణం తెరిచారు. తర్వాత తర్వాత అవి రెండు వందలు దాటాయి. నల్ల గౌను మీద తెల్ల ఏప్రన్ కట్టుకుని చకచకా తిరిగే అమ్మాయిలు టీ అందించేవారు. వాళ్ళని ముద్దుగా 'నిప్పీ'లు అనేవారు. నిప్పుకీ దీనికీ సంబంధం లేదు, చురుకైన పిల్లలని అర్థం. హామర్‌స్మిత్‌లోని క్యాడ్‌బీ హాల్ అనే చోట రొట్టెలూ కేకులూ తయారై అన్ని దుకాణాలకీ వెళ్ళేవి.

అసలు చిక్కంతా అక్కడే. కప్పు టీ మీద మిగిలేది ఎంతో కాదు. ఆ కాస్త డబ్బుకీ బిల్లు, ఆ బిల్లుకి పద్దు, ఆ పద్దుకి మళ్ళీ తనిఖీ! లెక్క రాయడానికయ్యే ఖర్చే లాభాన్ని మింగేస్తే ఇంక కొట్టెందుకు? ఈ బాధ తెలిసినవాడు జాన్ సిమ్మన్స్. కేంబ్రిడ్జిలో గణితం చదివి 1923లో ఈ కంపెనీలో చేరాడు. ఆఫీసులో ఏ కాగితం ఎందుకు పుడుతోంది, ఎక్కడెక్కడ తిరిగి ఎక్కడ ఆగిపోతోంది అని చూడ్డానికి ప్రత్యేకంగా ఓ విభాగమే పెట్టించాడు. కంప్యూటరన్న మాట ఎవరి చెవినా పడని రోజుల సంగతి ఇది. దీన్ని కాస్త గుర్తుంచుకోండి.

1947లో కంపెనీ తరఫున ఇద్దరు ఉద్యోగులు, థాంప్సన్, స్టాండింగ్‌ఫర్డ్ అని, కొత్త ఆఫీసు పద్ధతులు చూసి రమ్మంటే అమెరికా వెళ్ళారు. ప్రిన్స్‌టన్‌లో గోల్డ్‌స్టైన్ అనే శాస్త్రవేత్త వాళ్ళ మాటలన్నీ విని, మీ కేంబ్రిడ్జిలోనే విల్క్స్ అనే ఆయన ఇలాంటి యంత్రం కడుతున్నాడు కదా అన్నాడట. సంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది పాపం! తిరిగొచ్చి, ఆ విల్క్స్‌గారికి రెండున్నర మూడు వేల పౌండ్ల సాయం చేసి, తమ ఎలక్ట్రికల్ మనిషిని కూడా అరువిచ్చారు. 1949 మే 6న కేంబ్రిడ్జి యంత్రం పనిచేసింది. ఆ నమూనా మీద పింకర్టన్ అనే ఇంజనీరు చేత తమ సొంత యంత్రం కట్టించుకున్నారు టీ కొట్టువాళ్ళు. కేకులు కూడా సొంతంగా చేసుకునేవాళ్ళు కదా, కంప్యూటరెంత! దాని పేరు లియో. 'లయన్స్ ఎలక్ట్రానిక్ ఆఫీస్' అన్నదానికి పొట్టిపేరు.

దాని రూపం తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. పెద్ద హాలంతా అదే. ఆరువేల దాకా వాల్వులు. అవి ఎప్పుడు మాడిపోతాయో ఎవరికీ తెలియదు. అంచేత రోజూ పని మొదలెట్టే ముందు కావాలని కరెంటు ఒత్తిడి కాస్త అటూ ఇటూ మార్చి, ఏ వాల్వు నీరసంగా ఉందో కనిపెట్టి తీసేసేవారు. కుండ కొనేముందు వేలితో తట్టి చూస్తామే, అలాగన్నమాట.

ఇంక దాని జ్ఞాపకశక్తి సంగతి చెప్పితీరాలి. అయిదడుగుల పొడవు గొట్టాలు అరవై నాలుగు, వాటినిండా పాదరసం. గొట్టానికి ఈ చివర లెక్కని చప్పుడుగా మార్చి పంపితే అది పాదరసంలోంచి ఆ చివరకి చేరుతుంది. అక్కడ దాన్ని పట్టుకుని మళ్ళీ ఈ చివరకి తెచ్చి మళ్ళీ పంపాలి. తిప్పడం ఆపారా, మర్చిపోయిందే! అత్తారింట్లో తిన్న కుడుముల పేరు మర్చిపోకుండా దారంతా "కుడుములు, కుడుములు" అనుకుంటూ నడిచి, కాలవ గెంతేసరికి కాస్తా మర్చిపోయిన అల్లుడి కథ మనందరికీ తెలుసుగా? అచ్చం అదే. ఇంతా చేసి అన్ని గొట్టాల్లోనూ కలిపి నిలిచేది ఇవాళ్టి లెక్కలో నాలుగు కిలోబైట్ల చిల్లర. మీరు చదువుతున్న ఈ వ్యాసంలో సగం కూడా అందులో పట్టదు.

అలాంటి మతిమరుపు మనిషి చేత 1951 నవంబరు చివరినుంచి వారం వారం బేకరీ లెక్కలు కట్టించారు. ఎన్ని రొట్టెలు, ఎన్ని కేకులు, వాటి ఖరీదెంత అన్నవి. రోజువారీ ఆఫీసు పనికి కంప్యూటర్ని వాడడం ప్రపంచంలో అదే మొదలని చెబుతారు.

జీతాల పని మాత్రం వెంటనే దానికి అప్పజెప్పలేదు. కేకుల లెక్క ఓ రోజు ఆలస్యమైతే కొంపలంటుకోవు. వారం కూలీ ఆలస్యమైతే ఎవరింట్లోనో పొయ్యి వెలగదు. పైగా అప్పటి బ్రిటన్ డబ్బు మన అణాలూ కాణీల్లాగే ఉండేది. పన్నెండు పెన్నీలు ఓ షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఓ పౌను. పన్నులూ బీమాలూ కోతలూ సరేసరి. డేవిడ్ కామినర్ అనే ఆయన ఈ పనికి పెద్ద. ఆయనకి డిగ్రీ లేదు, లయన్స్ ఆఫీసు పనుల్లో నలిగినవాడు. జీతాల గుమాస్తాలు చేసే ప్రతి చిన్న పనీ, "ఇలా అయితే ఏం చేస్తారు, అలా అయితే ఏం చేస్తారు" అంటూ కాగితం మీద గీయించాడు. ఒకరు రాసిన ప్రోగ్రాం ఇంకొకరు దిద్దాల్సిందే. పాత పద్ధతీ కొత్త పద్ధతీ పక్కపక్కన నడిపించి, రెండూ సరిపోయాకే 1954 మొదట్లో జీతాలు లియో చేతికొచ్చాయి. అనుభవమున్న గుమాస్తాకి ఒక్కొక్కరి జీతం కట్టడానికి ఎనిమిది నిమిషాలు పట్టేది, లియోకి ఒకటిన్నర సెకను.

ఇక్కడ మా కథ ఒకటి చెప్పాలి. 2003లో ఓ చిన్న ఊళ్ళో సహకార సంఘంలో కొన్నాళ్ళు ఉద్యోగం చేశాను. ఓ శ్రావణ శుక్రవారం నాడు రెండు కంప్యూటర్లు దిగాయి. కుంకుమ బొట్లు పెట్టి నిమ్మకాయలు కట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలన్నారు. ఓ కుర్రాడు సీడీలు తెచ్చి విండోస్ ఎక్కించాడు. ప్రింటరు కదలడానికి రెండు రోజులు పట్టింది. మూడోనాటికి లెడ్జర్లు బీరువాలోకి వెళ్ళిపోయాయి. మా పెద్ద గుమాస్తాగారు మాత్రం ఎవరికీ చెప్పకుండా ఇంటిదగ్గర ఓ నోటు పుస్తకంలో పద్దు రాసుకుంటూనే ఉన్నారు. నెలాఖరుకి కంప్యూటరుకీ ఆయన పుస్తకానికీ నలభై రూపాయలు తేడా వచ్చింది. అందరం ఆయన కూడిక తప్పన్నాం. వయసైపోయిందన్న వాళ్ళూ ఉన్నారు. చివరికి తేలిందేమిటంటే, వాయిదా ఆదివారం పడితే సోమవారం కట్టినా వడ్డీ వెయ్యకూడదని మా సంఘంలో ఏనాటి నుంచో ఉన్న పద్ధతి. ఆ ముక్క యంత్రానికి ఎవరూ చెప్పలేదు. "ముందే చెప్పొచ్చుగా మాస్టారూ" అన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నన్నెవరడిగారమ్మా?" అన్నారు.

కామినర్ గురించి చదువుతుంటే నాకు ఆ కళ్ళజోడే గుర్తొచ్చింది.

లియోకి ప్రోగ్రాంలు రాసినవాళ్ళలో మేరీ కూంబ్స్ అని ఓ అమ్మాయి ఉంది. గణితం చదివిందనుకునేరు, ఫ్రెంచి భాషలో బి.ఏ.! (ఇది చదివాక ఆ పూటంతా నేను కాస్త తలెత్తుకునే తిరిగాను.) స్విట్జర్లాండు నుంచి తిరిగొచ్చి, లయన్స్ వారి ఐస్‌క్రీమ్ అమ్మకాల లెక్కల్లో తాత్కాలికంగా చేరింది. 1952లో కంప్యూటరు విభాగం వాళ్ళు పరీక్ష పెడితే నెగ్గింది. వ్యాపారం కోసం ప్రోగ్రాంలు రాసిన మొదటి మహిళగా ఇవాళ ఆమెను చెప్పుకుంటారు. లయన్స్ జీతాలే కాదు, ఫోర్డు కార్ల కంపెనీ జీతాల లెక్క కూడా చూసింది. పాపకి ఆరోగ్యం బాగుండక ఉద్యోగం సగానికి తగ్గించుకుని, 1969లో మానేసింది. తర్వాత బడిలో పిల్లలకి పాఠాలు చెప్పింది. 2022లో పోయింది. తప్పు ఏ మూల దాక్కున్నా పట్టుకోగలిగిన మనిషికి కూడా, ఇల్లూ ఆఫీసూ రెండూ నడిపే ప్రోగ్రాం దొరకలేదన్నమాట.

దుకాణాల ఆర్డర్ల పద్ధతి నాకు మరీ నచ్చింది. అంతకుముందు ప్రతి దుకాణం పెద్దమ్మా రోజూ ఫారాలు నింపేది. 1954 నుంచి ఏ వారం ఏమేం కావాలో ముందే లియో దగ్గర ఉండేది. మార్పులుంటేనే ఫోను చేసి చెప్పేది. అవతల ఓ అమ్మాయి చెవికి ఫోను తగిలించుకుని, వింటూ వింటూనే కార్డులకి చిల్లులు పొడిచేది. ఆ కార్డులే లియోకి భోజనం.

ఇవాళ మనం ఆపరేటింగ్ సిస్టమ్ అనే వస్తువు అప్పుడు లేదు. ఏ పని ముందు, ఏ కార్డుల కట్ట తర్వాత అని చూసుకునే మనుషులే ఆ సిస్టమ్. 1960ల మొదట్లో లియో 3 వచ్చేసరికి ఆ పెత్తనం 'మాస్టర్ ప్రోగ్రాం' అనేదానికి అప్పగించారు. పాలు పొంగకుండా చూస్తూ, మధ్యలో పప్పు కలిపి, ఇంతలో చారుకి పోపు పెట్టినట్టు ఒకేసారి నాలుగైదు పనులు సమర్థించుకొచ్చేది. మనింట్లో ఈ పనికి ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

ఇంతకీ ఆ ఎనిమిది నిమిషాల గుమాస్తాలేమయ్యారు? పదివేల మంది జీతాలంటే వారానికి ఎనభై వేల నిమిషాల పని. అది చేసినవాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువ. యంత్రం కట్టినవాళ్ళ పేర్లు పుస్తకాల నిండా ఉన్నాయి. ఏ కోత ఎప్పుడు వెయ్యాలో, ఎవరికి ఎందుకు మినహాయించాలో కామినర్‌కి విడమరిచి చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం ఎంత వెతికినా నాకు కనపడలేదు.

మొదటి లియోని 1965 జనవరిలో ఆపేశారు. అప్పటికే కంప్యూటర్ల వ్యాపారం లయన్స్ చేతిలోంచి జారిపోయింది. 1978లో లయన్స్‌నే ఓ సారా కంపెనీ కొనేసింది. లియో 3 యంత్రాలు కొన్ని మాత్రం 1981 దాకా బ్రిటన్ టెలిఫోను బిల్లులు కడుతూనే ఉన్నాయి.