మందు డబ్బా, పిండి బస్తా

‘మందు’ అనగానే నిఘంటువు ఔషధమనే చెబుతుంది. మా మెట్‌పల్లి ప్రాంతపు రైతు ఇంట్లో మాత్రం ఆ మాటకు మొదట స్ఫురించేది పురుగుమందు. నానార్థాలు పాఠం చెప్పేటప్పుడు ఇది ముచ్చటగానే ఉంటుంది. ఇంట్లో, దుకాణంలో, బండిలో ఆ రెండూ కలిసిపోతేనే ప్రమాదం. మన దేశంలో పురుగుమందుల చట్టం పుట్టిందే అటువంటి కలగాపులగం వలన.

1958 వేసవిలో కేరళలో గోధుమపిండి వంటకాలు తిన్నవారు ఉన్నట్టుండి కుప్పకూలారు. వందమందికి పైగా మరణించారు. ఓడలో పిండి బస్తాలతో పాటు ఫాలిడాల్ అనే పారాథియాన్ మందును కూడా ఎక్కించారనీ, అది కారి పిండికి అంటుకున్నదనీ తేలింది. జస్టిస్ జె.సి. షా నేతృత్వంలో విచారణ సంఘం ఏర్పడింది. చట్టం రావడానికి మరి పదేళ్ళు పట్టింది! 1968లో కీటకనాశినుల చట్టం, 1971లో దాని నిబంధనలు వచ్చాయి.

ఆ నిబంధనలు చదివితే ఓడలోని ఆ పిండి బస్తాలు కనబడుతూనే ఉంటాయి. ఆహారానికి గాని, పశువుల మేతకు గాని తగిలేట్టు మందును రవాణా చేయరాదు, నిల్వ ఉంచరాదు. అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి. మందును వేరే గదిలోనో, తాళం వేసిన బీరువాలోనో దాచాలి. విషతీవ్రతను బట్టి డబ్బాపై ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులుండాలి. ఖాళీ డబ్బాలను మళ్ళీ ఎవరూ వాడుకోకుండా పగులగొట్టి, జనావాసాలకు దూరంగా పూడ్చిపెట్టాలి.

ఈ చివరి నిబంధన దగ్గరే నా మనస్సు ఆగిపోతుంది. దుకాణాన్ని తనిఖీ చేయడానికి ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. డబ్బా రైతు ఇల్లు చేరాక చూసేదెవరు?

పోచంపాడు కాలువ నీళ్ళతో మా వైపు వరి, పసుపు, మొక్కజొన్న సేద్యం పెరిగింది. మందుల వాడకమూ పెరిగింది. నేను కొలువులో చేరిన కొత్తలో, 1980లలో, మెట్‌పల్లి దగ్గరి ఒక పల్లె బడిలో పనిచేశాను. అక్కడి కిరాణా కొట్టులో బెల్లం దిమ్మెల పక్కనే మందు డబ్బాలుండేవి. తాళం మాట దేవుడెరుగు! ఒకనాడు నాలుగో తరగతి పిల్లవాడొకడు మందు డబ్బాకు తీగ కట్టి, దానిలో తాగేనీళ్ళు తెచ్చుకున్నాడు. నేను దాన్ని లాక్కొని గునపంతో పొడిచి పారవేశాను. సాయంత్రం వాడి తండ్రి వచ్చాడు.

“సారూ, మూడుసార్లు బూడిదేసి తోమినం. గట్టి డబ్బ. గట్ల కరాబు జేస్తిరి, ఇగ పోరగానికి నీళ్ళు దేంట్ల పెట్టియ్యాలె?”

ఆయన అడిగినదానిలో తప్పేమీ లేదు.

2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లాలో, గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లల్లో 23 మంది చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షలో బయటపడింది. ఆ నూనెను పురుగుమందు డబ్బాలో పోసి ఉంచారని అధికారులు చెప్పారు. చట్టం వచ్చి అప్పటికి 45 ఏళ్ళు.

పత్రికలో ఆ వార్త చదివిన రోజున నాకు ఆ తీగ కట్టిన డబ్బా కళ్ళముందు మెదిలింది. నాడు ఆ తండ్రికి నిబంధనలేవీ చెప్పలేకపోయాను. అప్పటికి నాకూ తెలియవు. ఇంట్లో ఉన్న ఇత్తడి చెంబొకటి ఇచ్చి పంపాను.