తపాలా పట్టికలద్వారా వచ్చిన వేటతుపాకులు: గుర్తింపు, విలువ

పూర్వపు జమీందారీ గృహములందును, అటవీప్రాంతములందు ఉద్యోగము చేసిన కుటుంబములందును వారసత్వముగా వచ్చిన వేటరైఫిళ్లు నేటికిని కొన్ని కలవు. వానిలో కొన్నింటి గొట్టముపై ‘ఆర్మీ అండ్ నేవీ’ అను పేరు చెక్కబడియుండును. ఆ పేరును చూచి అది సైన్యమునకు చెందిన ఆయుధమని భ్రమించుట సులభము. అది సేనల పేరు కాదు. ఒక అంగడి పేరు. ఈ భేదమును ఎరుగనిచో ఆయుధము యొక్క చరిత్రయు, విలువయు, చట్టమునందు దానికిగల స్థానమును తారుమారగును.

ఆర్మీ అండ్ నేవీ కోఆపరేటివ్ సొసైటీని 1871లో కొందరు ఆంగ్లేయ సైనికోద్యోగులు లండనులో స్థాపించిరి. సభ్యులకు సరకులు చౌకగా సమకూర్చుట దాని ఉద్దేశము. అది బొంబాయిలో 1891లోను, కలకత్తాలో 1901లోను శాఖలను తెరచెను. బొంబాయి కాలాఘోడా ప్రాంతమున ఆ పేరిటి భవనము నేటికిని నిలిచియున్నది. ఈ సంఘము ప్రకటించిన లావుపాటి ధరల పట్టికలలో గుడారములు, మందులు, వంటపాత్రలతోపాటు తుపాకులును ఉండెడివి. దూరపు మన్యములలో నివసించువారు పట్టికను చూచి, ఉత్తరము వ్రాసి, కావలసిన వస్తువును తెప్పించుకొనెడివారు. 1878 నాటి ఆయుధచట్టము ననుసరించి తుపాకికి లైసెన్సు అవసరమయ్యెను.

గుర్తింపునకు తొలిమెట్టు అమ్మినవారిని, చేసినవారిని వేరుపరచుట. ఈ సంఘము అమ్మిన ఆయుధములలో పెక్కు ఇతర కర్మాగారములందు తయారైనవే. ‘లీ-స్పీడ్ పేటెంట్లు’ అను ముద్రగల రైఫిళ్లను బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, లండన్ స్మాల్ ఆర్మ్స్ అను కర్మాగారములు తయారుచేసినవి. కావున గొట్టముపైనున్న పేరుతో తృప్తిచెందక, బోల్టు సమీపమునను, గొట్టము అడుగుభాగమునను గల చిన్న ముద్రలను కూడ పరిశీలింపవలెను.

రెండవది కాలనిర్ణయము. 1934లో ఈ సంఘము ఆర్మీ అండ్ నేవీ స్టోర్సుగా పేరు మార్చుకొనెను. కావున ‘కోఆపరేటివ్ సొసైటీ’ అను మాటగాని, దాని సంక్షిప్తాక్షరములుగాని ఉన్నచో ఆ రైఫిలు సాధారణముగా అంతకు పూర్వపుదని చెప్పవచ్చును. పరీక్షాముద్రలు ఇందుకు తోడ్పడును. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813లో చట్టముద్వారా ఏర్పడినది. 1904 మొదలు 1954 వరకు అచటి ముద్రలలో కిరీటము క్రింద బి.పి., బి.వి., ఎన్.పి. అను అక్షరములు కానవచ్చును. లండను ముద్రలలో జి.పి., వి. అను అక్షరములు ఉండును. బి.ఎన్.పి. అనునది 1954 తర్వాతి గుర్తు. పాతరైఫిలుపై క్రొత్తముద్ర ఉన్నచో, గొట్టము మార్చబడినదో, మరల పరీక్షింపబడినదో విచారింపవలెను. సంఘము అమ్మిన తుపాకుల వరుససంఖ్యల పుస్తకములు గ్లాస్గో విశ్వవిద్యాలయపు దస్తావేజుశాలలో భద్రపరచబడియున్నవి. కావున తుపాకిపైనున్న సంఖ్యను తప్పులేకుండ వ్రాసికొనుట ముఖ్యము.

మూడవది బోరు. ఇందు పొరపాటు కలిగినచో నష్టము పెద్దది. .303 బోరునకును .315 బోరునకును పైచూపునకు భేదము తెలియదు. 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము .303 సైనికతూటాను పేల్చగల బోల్టురైఫిలు నిషిద్ధవర్గమునకు చెందును; .315 అట్టిది కాదు. గొట్టముపై కార్డైటు మందు తూకమును, గుండు బరువును గ్రెయినులలో చెక్కియుందురు. గుండు బరువు 215 అని ఉన్నచో అది .303 కావచ్చునను సూచన లభించును. తుదినిర్ణయమును మాత్రము లైసెన్సుగల తుపాకి నిపుణుడే చేయవలెను. పాతరైఫిలును పరీక్షార్థమై పేల్చి చూచుట ప్రాణాపాయకరము.

ఇక విలువ. చేసినవారి కీర్తి, బోరు, గొట్టములోని మెలిచాళ్ల స్థితి, మడమకర్ర మొదటిదే యగుట, ఇనుముపై తొలినాటి నల్లపూత నిలుచుట అనునవి దానిని నిర్ణయించును. తళతళ మెరయుటకై క్రొత్తపూత వేయించుట, అక్షరములు అరిగిపోవునట్లు తోమించుట విలువను తగ్గించు పనులు. పెట్టె, కొనుగోలు రసీదు, పాత లైసెన్సుపత్రము తోడైనచో విలువ హెచ్చును. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు జయపురము మదరాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చేరియుండెను. కావున అచటి తెలుగు కుటుంబముల పూర్వపు లైసెన్సులపై మదరాసు ప్రభుత్వపు పేరుండుట సహజము. అట్టి కాగితము తుపాకికే గాక, ఆ కుటుంబపు నివాసమునకును సాక్ష్యము.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టముతో వేట అంతరించెను, అది తగినదియే. 2019 నాటి సవరణ ఒక్కొక్కరు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్యను మూడింటినుండి రెండింటికి తగ్గించెను. వారసత్వముగా వచ్చినవియు ఈ లెక్కలోనివే. అందుచే అనేక కుటుంబములు ఏదో ఒకదానిని విడువవలసివచ్చెను. ఏది పోవలెనో ఎరుగక పోగొట్టుకొనుట చట్టము కోరినది కాదు. తుపాకిని అప్పగించుటకు ముందు ముద్రలను ఛాయాచిత్రములు తీయించి, సంఖ్యను వ్రాసికొని, పాతపత్రములకు నకళ్లు ఉంచుకొనినచో, ఇనుము చేజారినను చరిత్ర చేజారదు.