చల్లని రాజా ఓ చందమామ

‘చల్లని రాజా ఓ చందమామ’ 1956లో విడుదలైన ‘ఇలవేలుపు’ సినిమాలోని పాట. వడ్డాది రాయగా సుసర్ల దక్షిణామూర్తి బాణీ కట్టారు. రఘునాథ్ పాణిగ్రాహి, పి. సుశీల, పి. లీల కలిసి పాడారు. సినిమా జనం మనసులోంచి దాదాపుగా చెరిగిపోయింది. కథేమిటని అడిగితే చెప్పగలిగినవాళ్లు ఇవాళ కొద్దిమందే. పాట మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇందులోని మగ గొంతు ఒడియా గాయకుడిది. గుణుపురంలో పుట్టి, మద్రాసులో పాడి, బరంపురంలో పుట్టిన నర్తకిని పెళ్లాడి, ఆమె నాట్యం కోసం సినిమా పాటను వదిలేసిన మనిషి ఆయన. గంజాం, బరంపురం తెలుగువాళ్లు ఈ పాటను తమ సొంతమని చెప్పుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలు.

సినిమా

‘ఇలవేలుపు’కు మూలం 1954లో వచ్చిన తమిళ సినిమా ‘ఎదిర్ పారాదదు’. రచయిత శ్రీధర్. శివాజీ గణేశన్, పద్మిని, చిత్తూరు నాగయ్య నటించారు. ప్రేమించినవాడు ప్రమాదంలో చనిపోయాడనుకున్న అమ్మాయి, విధిలేని పరిస్థితుల్లో ఒక పెద్దాయనను పెళ్లి చేసుకుంటుంది. ఆ పెద్దాయన ఆమె ప్రేమించినవాడి తండ్రి. ప్రియుడు ప్రాణాలతో తిరిగి వచ్చేసరికి ఆమె అతనికి తల్లి స్థానంలో ఉంటుంది. ఆ రోజుల ప్రేక్షకులకు ఇది గుండె బరువెక్కించే కథ. తెలుగులో ఎల్వీ ప్రసాద్ నిర్మాణంలో యోగానంద్ దర్శకత్వం వహించారు. అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి, జమున నటించారు. మరుసటి ఏడాదే ఎల్వీ ప్రసాద్ ఇదే కథను హిందీలో ‘శారద’గా తీశారు, అందులో రాజ్ కపూర్, మీనాకుమారి నాయికానాయకులు.

హిందీ సినిమాలోనూ చంద్రుణ్ని పలకరించే పాట ఒకటి ఉంది. సి. రామచంద్ర సంగీతంలో లతా మంగేష్కర్, ఆశా భోంస్లే కలిసి పాడారు. అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి పాడిన అరుదైన పాటల్లో అదొకటి కాబట్టి హిందీ శ్రోతలు దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. రెండు పాటలనూ వరసగా వింటే తేడా తెలుస్తుంది. హిందీ పాటలో వేడుకోలు ఉంది, ఎదురుచూపు ఉంది. తెలుగు పాటలో చనువు ఉంది. నీ సంగతులన్నీ మాకు తెలుసులే అని చంద్రుడితో ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. అంత బరువైన కథలో ఇంత తేలికైన పాట దొరకడం ప్రేక్షకుడికి ఊపిరి తీసుకునే చోటు అయింది. కథతో పని లేకుండా విడిగా పాడుకోవడానికి వీలైంది కూడా అందుకే.

సుసర్ల దక్షిణామూర్తి

సుసర్ల దక్షిణామూర్తి (1921–2012) కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లివారు. తాతగారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి త్యాగరాజస్వామి శిష్య పరంపరకు చెందిన విద్వాంసులు, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుకు గురువు. అంతటి ఇంట్లో పుట్టినవాడు సినిమాకు వచ్చి శాస్త్రీయ సంగీతాన్ని బరువుగా మోయకుండా, పాటలో కనిపించీ కనిపించనట్టు కలిపేశారు. ‘సంసారం’ (1950), ‘సంతానం’ (1955), ‘నర్తనశాల’ (1963) ఆయన పేరు నిలబెట్టిన సినిమాలు.

ఆయనలో మరో గుణం ఉంది. పాటకు తగిన గొంతు ఎక్కడున్నా వెళ్లి తెచ్చుకునేవారు. ‘సంతానం’లో లతా మంగేష్కర్ చేత తెలుగు పాట పాడించింది ఆయనే. ఆ మరుసటి ఏడాదే ‘ఇలవేలుపు’కు రఘునాథ్ పాణిగ్రాహి గొంతు ఎంచుకున్నారు. తెలుగు సినిమాలో ఘంటసాల ఏలుతున్న కాలం అది. నిండుగా, గంభీరంగా ఉండే గొంతుకు చెవులు అలవాటు పడిన రోజుల్లో మెత్తగా, అంచుల్లో కాస్త తడి ఉన్నట్టు వినిపించే గొంతును ముందుకు తేవడానికి సంగీత దర్శకుడికి ధైర్యం కావాలి. సుసర్లకు అది ఉంది. ఈ పాట విజయంలో సగం గొంతుల ఎంపికలోనే ఉందని చెప్పడం అతిశయోక్తి కాదు.

మూడు గొంతులు

పి. లీల కేరళలోని చిత్తూరులో పుట్టారు. 1956 నాటికే ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’ పాటలతో తెలుగువాళ్లకు సొంతమనిషి అయిపోయారు. సుశీల విజయనగరం అమ్మాయి. అప్పటికి ఇరవై ఏళ్లే. ‘కన్నతల్లి’ (1953)తో తెలుగులో అడుగుపెట్టి మూడేళ్లయింది. లీల గొంతులో కచేరీ గాయని నిబ్బరం ఉంటుంది, సుశీల గొంతులో కొత్త నీటి తేట. ఈ రెండింటి పక్కన పాణిగ్రాహి గొంతు ఎక్కడా పోటీ పడదు. ఆడ గొంతులకు చోటిచ్చి, తన వంతు వచ్చినప్పుడు అంతే నెమ్మదిగా వచ్చి చేరుతుంది. ముగ్గురు పాడుతున్నా పాటలో ఎక్కడా రద్దీ అనిపించదు.

ఆ రోజుల రికార్డింగులో గాయకులు, వాద్యబృందం అందరూ ఒకేచోట ఉండి ఒకేసారి పాడి వాయించాలి. తర్వాత ఒక్కో గొంతునూ విడిగా సరిచేసుకునే వీలు లేదు. ఒకరు తడబడితే అందరూ మళ్లీ మొదటినుంచి. ముగ్గురు గాయకుల పాటలో ఆ కష్టం మరింత పెరుగుతుంది. ఇవాళ హెడ్‌ఫోన్లు పెట్టుకుని జాగ్రత్తగా వింటే, ఒకరి మాట ముగియగానే మరొకరు అందుకునే చోట ఆ కలిసి పాడిన వెచ్చదనం తెలుస్తుంది. విడివిడిగా పాడి అతికిన పాటలో అది రాదు.

ఇంకో విశేషం. పాణిగ్రాహి తెలుగులో పాడిన పాటల్లో దీని తర్వాత ఎక్కువగా వినిపించేది ‘జయభేరి’ (1959)లో ఘంటసాల, పి.బి. శ్రీనివాస్‌లతో కలిసి పెండ్యాల సంగీతంలో పాడిన ‘మది శారదాదేవి మందిరమే’. అదీ ముగ్గురి పాటే. తెలుగువాళ్లు గుర్తుపెట్టుకున్న ఆయన గానమంతా ఇలా పక్కవాళ్లతో పంచుకున్నదే కావడం వల్ల, పాటకు వచ్చినంత పేరు మనిషికి రాలేదు. ఈ పాటలోని మగ గొంతును ఏ.ఎం. రాజాదని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

గుణుపురం నుంచి మద్రాసుకు

గుణుపురం వంశధార ఒడ్డున ఉన్న పట్టణం, ఇప్పుడు ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా అది జయపురం జమీందారీలో భాగంగా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. గంజాం జిల్లా కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీదే. 1930ల ఆరంభంలో గుణుపురంలో పుట్టిన రఘునాథ్, 1935 నవంబరులో విజయనగరంలో పుట్టిన సుశీల ఇద్దరూ పుట్టినప్పుడు ఒకే జిల్లావాళ్లు. సుశీల పుట్టి ఐదు నెలలు తిరక్కముందే సరిహద్దు గీత పడి ఒకరి ఊరు ఒడిశాకు పోయింది, ఒకరి ఊరు మద్రాసులోనే మిగిలింది. ఇరవై ఏళ్ల తర్వాత ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడ్డారు. తెలుగు, ఒడియా భాషల సరిహద్దు గురించి ఎన్ని వాదాలు జరిగినా, నాకు ఈ సంగతి వాటన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది.

గుణుపురాన్ని బయటి ప్రపంచంతో కలిపింది పర్లాకిమిడి లైట్ రైల్వే. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన ఈ చిన్న గేజి లైను 1931లో గుణుపురందాకా వచ్చింది. నౌపడాలో దిగితే పెద్ద లైను: ఒకవైపు పోతే బరంపురం, మరోవైపు పోతే మద్రాసు. రఘునాథ్ జీవితం ఈ రెండు దిక్కులకూ సాగింది. గీతగోవిందం పాడే ఇంట్లో పుట్టినవాడు. అష్టపదులు పాడి అలవాటైన గొంతుకు తెలుగు సినిమా పాటలోని లాలిత్యం కొత్త కాదు. గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతంలో ఒడియా, తెలుగు రెండూ వీధిలో వినిపించే భాషలు. ఆయన తెలుగు ఉచ్చారణలో పరాయితనం వినబడదంటే ఆ గాలి చలవే.

పాట జనంలోకి వెళ్లిన దారి

ఈ పాట విడుదలైన కాలం సినిమా పాటకు అనుకూలమైనది కాదు. కేంద్ర సమాచార ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ 1952 నుంచి ఆకాశవాణిలో సినిమా పాటలకు కత్తెర వేశారు. వింటే శాస్త్రీయ సంగీతమే వినాలన్నది ఆయన పట్టుదల. దాంతో జనం రేడియో సిలోన్ వైపు తిరిగారు. కొలంబో నుంచి మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపిస్తుంటే కోస్తా పొడవునా రేడియో సెట్ల దగ్గర జనం చేరేవారు. 1957 అక్టోబరులో వివిధభారతి మొదలయ్యాక ఆకాశవాణి మళ్లీ సినిమా పాటకు తలుపు తీసింది.

రేడియో లేని ఇళ్లకు గ్రామఫోను రికార్డు దిక్కు. అప్పటి 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త ఎక్కువే పట్టేది; పల్లవి, చరణాలు ఆ కొలతలో ఇమిడిపోవాలి. ఇంకో మాటకు చోటుండదు. అందుకే అప్పటి మంచి పాటల్లో వృథా కనిపించదు. ఈ పాట పల్లవి ఒకసారి వింటే నోటికొచ్చేస్తుంది. స్వరం మరీ పైకి ఎక్కదు, మరీ కిందికి దిగదు. సంగీతం రానివాళ్లు కూడా ఒడిలో బిడ్డను జోకొడుతూ పాడుకోగలరు. సినిమా చూడని ఇళ్లలోకి ఈ పాట లాలిపాటగా వెళ్లిపోయింది.

చందమామను ఎంచుకోవడం కూడా కలిసివచ్చింది. తెలుగింట బిడ్డకు గోరుముద్దలు తినిపిస్తూ మొట్టమొదట పిలిచేది చందమామనే. ఒడియా ఇళ్లలోనూ చంద్రుడు పిల్లలకు మామే. ‘చందమామ’ పత్రిక ఒడియా సంచిక ‘జహ్నమాము’ మొదలైందీ ఈ పాట పుట్టిన 1956లోనే. రెండు భాషలూ మాట్లాడే బరంపురం ఇళ్లకు ఈ పాట అర్థం కావడానికి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

1950ల నాటి పాటల్లో చాలా వాటికి ప్రాణం తెరమీది నటీనటులే. వాళ్ల ముఖాలు మరుగున పడితే పాట కూడా పడిపోతుంది. ఈ పాట సంగతి అది కాదు. రికార్డు పోయి క్యాసెట్టు వచ్చింది, క్యాసెట్టు పోయి సీడీ వచ్చింది, ఇప్పుడు ఫోన్లో వింటున్నారు. పాత పాటల సంకలనాల్లో, టీవీ పాటల కార్యక్రమాల్లో ఇది వస్తూనే ఉంది. కొత్త గాయకులకు ఇది చూడటానికి సులువుగా కనిపించి, పాడబోతే కష్టపెట్టే పాట. గమకం ఎక్కువైతే తేలికదనం పోతుంది, తక్కువైతే చప్పబడుతుంది. అసలు రికార్డును మించిన పునర్గానం నేను వినలేదు.

బరంపురం ఆడపడుచు

రఘునాథ్ పెళ్లాడిన నర్తకి సంయుక్తా పాణిగ్రాహి 1944 ఆగస్టు 24న బరంపురంలో, అభిరామ్ మిశ్ర, శకుంతల దంపతులకు పుట్టారు. చిన్నప్పుడే కేలూచరణ్ మహాపాత్ర దగ్గర ఒడిస్సీ మొదలుపెట్టారు. తర్వాత మద్రాసు వెళ్లి రుక్మిణీదేవి అరండేల్ కళాక్షేత్రంలో భరతనాట్యం నేర్చుకున్నారు. ‘ఇలవేలుపు’ పాటలు మద్రాసులో మోగుతున్న రోజుల్లో ఆమె అదే ఊళ్లో అడయారులో విద్యార్థిని. 1960లో రఘునాథ్, సంయుక్తల పెళ్లి జరిగింది.

అప్పటికి ఒడిస్సీకి శాస్త్రీయ నృత్యంగా దేశంలో గుర్తింపు కోసం పోరాటం నడుస్తోంది. దేవాలయంలో మహరీలు, వీధుల్లో గోటిపువా బాలురు కాపాడిన నాట్యాన్ని వేదికకు తగ్గట్టు తీర్చిదిద్దే పనిలో గురువులున్నారు. ఆ నాట్యానికి గొంతు కావాలి. రఘునాథ్ మద్రాసు సినిమా అవకాశాలను వదులుకుని భార్య పక్కన కూర్చుని పాడటాన్ని ఎంచుకున్నారు. సంగీతం కూర్చిందీ ఎక్కువగా ఆయనే. డబ్బు, పేరు తెచ్చిపెట్టే దారిని ఒక మగవాడు భార్య కళ కోసం విడిచిపెట్టడం 1960ల్లో ఎంత అరుదో చెప్పనక్కర్లేదు. ఆయన పాడగా ఆమె ఆడిన అష్టపదులు దేశదేశాలు తిరిగాయి. ఇటలీకి చెందిన నాటక దర్శకుడు యూజెనియో బార్బా ప్రారంభించిన అంతర్జాతీయ నాటక మానవశాస్త్ర పాఠశాలలో ఆ దంపతులు ఏళ్ల తరబడి పాల్గొన్నారు. సంయుక్తకు 1975లో పద్మశ్రీ, 1976లో సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చాయి. 1997 జూన్ 24న ఆమె కన్నుమూశారు.

రఘునాథ్ సినిమాల్లోనే ఉండిపోయి ఉంటే తెలుగుకు మరిన్ని పాటలు దక్కేవి, నిజమే. అయితే ఆయన వెళ్లిన దారిలో ఒడిస్సీకి దక్కినది ఇంకా పెద్దది. ఆయన చేసిన ఎంపిక సరైనదేనని నా అభిప్రాయం. 2010లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2013 ఆగస్టు 25న భువనేశ్వర్‌లో ఆయన మరణించినప్పుడు ఒడియా పత్రికలు గీతగోవింద గాయకుడిగా నివాళులర్పించాయి. తెలుగులో ఆయన పేరు తెలిసినవాళ్లకంటే పాట తెలిసినవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. రేడియోలో, వేదిక మీద ఈ పాట వినిపించేవాళ్లు సుశీల, లీల పేర్లతోపాటు గుణుపురం రఘునాథ్ పాణిగ్రాహి పేరు కూడా చెప్పాలి.