అపూకి గొంతు ఎలా వచ్చింది, ఎలా పోయింది

1990 ఫిబ్రవరి 25న అమెరికాలో ఫాక్స్ చానెల్లో 'ది సింప్సన్స్' కార్టూన్ సీరియల్ ఎనిమిదో ఎపిసోడ్ వచ్చింది. అందులో ఒక దుకాణం గుమాస్తా కాసేపు కనబడతాడు. అలాంటి చోట భారతీయుణ్ణి నిలబెట్టడం అప్పటికే అరిగిపోయిన జోకు. అంచేత 'గుమాస్తా భారతీయుడు కాదు' అని స్క్రిప్టులోనే రాసుకున్నామని రచయిత మైక్ రీస్ తర్వాత చెప్పారు. అందరూ కూర్చుని స్క్రిప్టు చదువుతున్నప్పుడు నటుడు హ్యాంక్ అజారియా ఆ ముక్కని భారతీయ యాసలో పలికాడు. గది గొల్లుమంది. రాసుకున్న మాట గాలికి పోయింది, అపూ పుట్టాడు.

పేరు సత్యజిత్ రాయ్ సినిమాలది. గొంతుకి ఒరవడి మాత్రం 'ది పార్టీ' (1968)లో ముఖానికి రంగు పూసుకుని భారతీయుడిగా నటించిన పీటర్ సెల్లర్స్. కథ ప్రకారం అపూ కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చేసినవాడు. ఆ చదువు ఎంతమందికి గుర్తుందో గానీ యాస మాత్రం అందరి నోటా నానింది. సినిమాలో శ్రీకాకుళం యాస వినబడితే అది పనివాడి పాత్రో, నవ్వించే పాత్రో అయ్యుంటుందని ఎచ్చెర్లలో చిన్నపిల్లాడైనా చెప్పేస్తాడు. ఇదీ ఆ బాపతే.

న్యూయార్క్ క్వీన్స్‌లో తెలుగు తల్లిదండ్రులకి పుట్టిన హరి కొండబోలుని బడిలో ఈ గొంతు వెంటాడింది. అలాగని సీరియల్ అంటే ఆయనకి ఇష్టం లేక కాదు, దాన్ని చూస్తూనే పెరిగాడు. స్టాండప్ కమెడియన్ అయ్యాక 2012లో టీవీలో అపూని ఏకిపారేశాడు. 2017 నవంబర్‌లో 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' అనే డాక్యుమెంటరీ తెచ్చాడు. నటుడు కాల్ పెన్, తెలుగింటి పిల్లే అయిన కమెడియన్ అపర్ణ నంచర్ల అందులో తమ గోడు చెప్పుకున్నారు. అజారియా మాత్రం కెమెరా ముందుకి రానన్నాడు.

సీరియల్ వాళ్ల జవాబు 2018 ఏప్రిల్ 8 ఎపిసోడ్‌లో వచ్చింది. సీరియల్లోని తల్లి మార్జ్ తన చిన్ననాటి కథల పుస్తకం తీసి కూతురు లీసాకి చదవబోతుంది. చూస్తే నిండా జాతుల మీద వెకిలి మాటలు. అవి తీసేస్తే కథ చప్పబడిపోతుంది. అప్పుడు లీసా నేరుగా ప్రేక్షకుల వైపు తిరిగి, ఒకప్పుడు మెచ్చుకున్నదే ఇప్పుడు తప్పయిందట, ఏం చేస్తాం అన్నట్టు మాట్లాడుతుంది. మంచం పక్కన అపూ సంతకంతో ఫొటో. సీరియల్లో న్యాయం కోసం కొట్లాడేది లీసాయే. రచయితలు తమ విసుగుని ఆమె నోట పెట్టి తప్పుకున్నారు. కొండబోలు బాధపడ్డాడు, పత్రికలు దుమ్మెత్తిపోశాయి.

అజారియా మెత్తబడ్డాడు. ఆ నెలలోనే ఒక టీవీ షోలో, అవసరమైతే తప్పుకుంటానన్నాడు, రచయితల గదిలో దక్షిణాసియా వాళ్లు ఉండాలన్నాడు. 2020 జనవరిలో ఆ గొంతు మానేశాడు. 2021లో క్షమాపణ చెప్పాడు. 2023లో ఒక రేడియో కార్యక్రమంలో ఆయనా కొండబోలూ కలిసి మాట్లాడారు.