దివిసీమ ఉప్పెన నుండి తిత్లీ వరకు: ప్రకృతి విపత్తులు – టెలివిజన్ వార్తా ప్రాధాన్యం

ఉపోద్ఘాతం

1977 నవంబర్ 19, శనివారం. ఆనాటి మధ్యాహ్నం బంగాళాఖాతంలో ఏర్పడిన పెను తుపాను ఆంధ్ర తీరాన్ని తాకింది. దాని వెంట వచ్చిన ఉప్పెన సుమారు ఐదు మీటర్ల ఎత్తున కృష్ణా ముఖద్వారంలోని దివి ప్రాంతాన్ని ముంచెత్తింది. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి తీర గ్రామాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మృతుల సంఖ్యను సాధారణంగా పదివేలుగా చెబుతారు. పద్నాలుగు వేలు దాటినట్లు చెప్పే లెక్కలూ ఉన్నాయి.

అదే రోజు సాయంత్రం, యూదుల విశ్రాంతి దినం ముగిసిన తరువాత, ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్ విమానం ఇజ్రాయెల్‌లో దిగింది. ఒక అరబ్బు దేశాధినేత ఆ దేశంలో బహిరంగంగా అడుగుపెట్టడం అదే మొదటిసారి. వాల్టర్ క్రాంకైట్, జాన్ చాన్సలర్, బార్బరా వాల్టర్స్ – అమెరికాలోని మూడు ప్రధాన టెలివిజన్ సంస్థల ప్రముఖ వ్యాఖ్యాతలు ముగ్గురూ ఆ విమానంలోనే ఉన్నారు. మరునాడు ఇజ్రాయెల్ పార్లమెంటులో సాదత్ చేసిన ప్రసంగం ప్రత్యక్ష ప్రసారమైంది. దివిసీమలో అప్పటికి శవాల వెదుకులాట కూడా సరిగా మొదలు కాలేదు.

ఈ రెండు సంఘటనలు ఒకే తేదీన జరగడం కేవలం కాకతాళీయం. అయితే టెలివిజన్ ఏ విపత్తుకు ఎంత సమయం కేటాయిస్తుందనే ప్రశ్నను పరిశీలించడానికి ఆ తేదీ చక్కని ఆధారం. నష్టం ఎంత పెద్దదైతే వార్త అంత పెద్దదవుతుందన్న సామాన్య విశ్వాసం ఎంతవరకు నిలుస్తుందో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

కెమెరా చేరని దీవి

దివిసీమ ఉప్పెన నాటికి తెలుగు నేలపై టెలివిజన్ వయస్సు నాలుగు వారాలు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్ 23న ప్రారంభమైంది. దాని ప్రసారాలు నగరానికీ పరిసరాలకే పరిమితం. అంతకుముందు 1975–76లో ఉపగ్రహం ద్వారా గ్రామాలకు బోధనా కార్యక్రమాలను అందించిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఒక భాగమే గానీ, ఆ ప్రయోగం 1976 జూలైతో ముగిసిపోయింది. దూరదర్శన్ ఆకాశవాణి నుండి విడివడి ప్రత్యేక సంస్థగా ఏర్పడి ఏడాదిన్నర మాత్రమే అయింది. అంటే ఉప్పెన బారిన పడిన ప్రజలకు టెలివిజన్ ఒక వస్తువుగా కూడా పరిచయం లేదు.

నాటి సాంకేతిక పరిస్థితిని కూడా గుర్తుంచుకోవాలి. వార్తా దృశ్యాలను ఎక్కువగా ఫిల్ముపై చిత్రించేవారు. ఆ ఫిల్మును రోడ్డు మార్గాన, విమానంలో తరలించి, కడిగి, కూర్చిన తరువాతే ప్రసారం చేయగలిగేవారు. దివిసీమలో రోడ్లు తెగిపోయాయి, టెలిఫోన్, తంతి స్తంభాలు కూలిపోయాయి. బయటి ప్రపంచానికి విషయం తెలియడమే ఆలస్యమైంది. ఇజ్రాయెల్‌లో కెమెరాలు సాదత్ కంటే ముందే చేరి నిరీక్షించాయి. రాజకీయ సంఘటనకు ముందుగా కాలనిర్ణయం ఉంటుంది. ప్రకృతి విపత్తుకు ఆ సౌకర్యం లేదు.

మరి దివిసీమకు సహాయం ఎలా అందింది? ఈ ప్రశ్నకు సమాధానం టెలివిజన్ చరిత్రలో కాక పత్రికల, రేడియో, సినిమా చరిత్రలలో దొరుకుతుంది. వార్తాపత్రికలు సహాయనిధులు సేకరించాయి. ‘ఈనాడు’ సేకరించిన నిధితో పాలకాయతిప్పలో ఇళ్ల నిర్మాణం జరిగింది. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి విరాళాలు సేకరించారు. వెండితెరపై మాత్రమే చూసిన ముఖాలు వీధిలోకి వచ్చి చేయి చాచడం ప్రజలను కదిలించింది. టెలివిజన్ దృశ్యం చేయవలసిన పనిని ఇక్కడ సినీనటుల ముఖాలు చేశాయని చెప్పడం అతిశయోక్తి కాదు. అయితే ఆ జోలె తెలుగువారి మధ్యనే తిరిగింది. తెలుగు తెలియని ప్రపంచం ముందుకు దివిసీమను తీసుకువెళ్లగల మాధ్యమం ఆ శనివారం మరో చోట ఉంది.

మరణాల లెక్క, ప్రసారాల లెక్క

ఈ అసమానతను అంకెలలో చూపిన తొలి పరిశోధకులలో విలియం సి. ఆడమ్స్ ఒకరు. 1972 నుండి 1985 వరకు అమెరికన్ టెలివిజన్ సంస్థలు పెద్ద ప్రకృతి విపత్తులకు కేటాయించిన సమయాన్ని ఆయన పరిశీలించారు. 1986లో ప్రచురితమైన ఆ అధ్యయనం ప్రకారం ప్రసార సమయం దృష్ట్యా పశ్చిమ ఐరోపాలో ఒక మరణం తూర్పు ఐరోపాలో మూడు మరణాలకు, లాటిన్ అమెరికాలో తొమ్మిదింటికి, మధ్యప్రాచ్యంలో పదకొండింటికి, ఆసియాలో పన్నెండింటికి సమానం. దివిసీమ ఉప్పెన జరిగిన సంవత్సరం ఆ కాలపరిధిలోనే ఉంది.

ఆడమ్స్ చూసింది ‘ఎక్కడ’ అన్న ప్రశ్నను. ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నను 2007లో థామస్ ఐసెన్సీ, డేవిడ్ స్ట్రోంబెర్గ్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు చేపట్టారు. 1968–2002 మధ్య ప్రపంచంలో సంభవించిన సుమారు ఐదువేల విపత్తులను అమెరికన్ వార్తా ప్రసారాలతోనూ, అమెరికా ప్రభుత్వం అందించిన సహాయంతోనూ వారు పోల్చారు. ఒక రోజున మొదటి మూడు వార్తాంశాలు ఎన్ని నిమిషాలు ఆక్రమించాయన్నది వారి కొలమానం. ఆ నిమిషాలు పెరిగిన రోజున విపత్తు వార్త బులెటిన్‌లోకి రావడం కష్టమవుతుంది. వార్త రాకపోతే సహాయం అందే అవకాశం కూడా తగ్గుతుంది. ఒలింపిక్ క్రీడలు జరుగుతున్న రోజులలో సంభవించిన విపత్తుకు మామూలు రోజులలోని విపత్తుతో సమానంగా సహాయం అందే అవకాశం ఉండాలంటే మూడు రెట్ల ప్రాణనష్టం జరిగి ఉండాలని వారు తేల్చారు. ఈ అధ్యయనంలో అన్నిటికంటే కలవరపరిచే విషయం ఇదే. పరుగు పందెం చూపడానికి సంపాదకుడు తీసుకున్న నిర్ణయంలో దురుద్దేశం ఏమీ లేదు. దాని ఫలితం మాత్రం మరో ఖండంలోని బాధితుని బియ్యం బస్తా మీద పడుతుంది.

విపత్తు స్వభావం కూడా లెక్కలోకి వస్తుంది. ఇదే అధ్యయనంలో అగ్నిపర్వత విస్ఫోటనంలో మరణించిన ఒక వ్యక్తికి దక్కే ప్రసార అవకాశం కరవులో దక్కాలంటే సుమారు 40 వేల మంది మరణించాలని తేలింది. విస్ఫోటనానికి ఒక క్షణం ఉంది, మంట ఉంది. కరవుకు అవి లేవు. ఇథియోపియా కరవు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. 1984లో నెలల తరబడి హెచ్చరికలు వెలువడినా ప్రపంచం కదలలేదు. అక్టోబర్ 23న కోరెం శిబిరం నుండి మొహమ్మద్ అమీన్ చిత్రించిన దృశ్యాలు మైకేల్ బ్యూర్క్ వ్యాఖ్యానంతో బి.బి.సి.లో ప్రసారమయ్యాయి. ఆ తరువాతనే విరాళాలు వెల్లువెత్తాయి. ఆకలి అంతకుముందు రోజు కూడా అంతే ఉంది.

తెలుగు ఛానళ్ల కాలం

పై అధ్యయనాలను పాశ్చాత్యుల పక్షపాతానికి నిదర్శనాలుగా మాత్రమే చదవడం సులభం. తెలుగులో ఇరవైనాలుగు గంటల వార్తా ఛానళ్లు వచ్చిన తరువాతి చరిత్ర అంత సులభమైన పఠనానికి అవకాశమివ్వదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. కెమెరాలు, విలేకరులు, ఛానళ్ల కార్యాలయాలు అప్పటికే ఆ నగరంలో ఉన్నాయి. దెబ్బతిన్న విమానాశ్రయం, నేలకూలిన చెట్లు, సాగరతీర రహదారి – ప్రతిదీ దృశ్యమే. ఆ నష్టం నిజమైనదే, ఆ ప్రసారం అవసరమైనదే.

మరుసటి వేసవిలో, 2015 మే నెలలో, వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా మరణించారు. ఇది హుద్‌హుద్ మృతుల సంఖ్యకు అనేక రెట్లు. వడదెబ్బతో పడిపోయిన ఉపాధి కూలీ, రిక్షా కార్మికుడు, ఒంటరి వృద్ధురాలు ఒకే చోట, ఒకే గంటలో మరణించలేదు. కెమెరా నిలబడవలసిన స్థలం ఏదో చెప్పడం కష్టం. అందువల్ల తెర అడుగున కదిలే అక్షరాలలో మృతుల సంఖ్య పెరుగుతూ పోయింది, తెరపైన ఎండిన రోడ్డు, చల్లని పానీయాల బండి కనిపించాయి. కేంద్రం సహాయానికి గుర్తించిన విపత్తుల జాబితాలో ఆనాటికి వడగాడ్పులకు చోటు లేదన్నది కూడా గమనార్హం. ప్రభుత్వ జాబితా, టెలివిజన్ తెర ఈ విషయంలో ఒకే తీరున ఉన్నాయి. పాలమూరు, అనంతపురం కరవులకు ఈ అనుభవం కొత్త కాదు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో పలాస సమీపాన తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి చెట్టు మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కనుక అది ఒక తరం జీవనాధారాన్ని కోల్పోవడమే. అంతకు ఐదు రోజుల ముందు, అక్టోబర్ 6న, తెలంగాణ శాసనసభ ఎన్నికల షెడ్యూలు వెలువడింది. పొత్తులు, అభ్యర్థుల జాబితాలు, సభలు తెలుగు ఛానళ్ల ముందున్న పెద్ద వార్త. 1977లో సాదత్ విమానం నిలిచిన స్థానంలో ఇక్కడ ఎన్నికలు నిలిచాయి. ఉద్దానంలో రోజుల తరబడి విద్యుత్తు లేనందున తమ గురించి ఎంత చెబుతున్నారో చూసుకునే అవకాశం కూడా బాధితులకు లేకపోయింది.

ఎన్నికలు తిత్లీ వార్తను ఎన్ని నిమిషాలు వెనక్కి నెట్టాయన్నది సహజంగా కలిగే ప్రశ్న. అమెరికన్ పరిశోధకులు అటువంటి ప్రశ్నకు జవాబు చెప్పగలిగారంటే అందుకు వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 1968 ఆగస్టు నుండి ప్రతి రాత్రి వార్తలను రికార్డు చేసి భద్రపరచడమే కారణం. తెలుగు వార్తా ఛానళ్లకు అటువంటి బహిరంగ భాండాగారం లేదు. యూట్యూబ్‌లో లభించేవి ఛానళ్లు తామే ఎంచి ఉంచిన ముక్కలు. అవి బులెటిన్ క్రమాన్ని గానీ, ఏ వార్త తరువాత ఏ వార్త వచ్చిందన్న విషయాన్ని గానీ చూపవు. దివిసీమ ఉప్పెనపై 1977 నాటి దినపత్రికల సంపుటాలను గ్రంథాలయాలలో నేటికీ తిరగేయవచ్చు. తిత్లీ తీరం దాటిన రాత్రి తొమ్మిది గంటల వార్తలలో ఉద్దానం ఎన్నో అంశంగా వచ్చిందో తేల్చడానికి పరిశోధకునికి ఆ పాటి ఆధారం కూడా మిగలలేదు.