వసంతం ఎవరిది? – హైకూ చరిత్ర చెప్పే పాఠం

హైకూను పలాయన కవిత్వమనే విమర్శ మన అభ్యుదయ శిబిరంలో తరచు వినిపిస్తుంది. పూలు, పిట్టలు, వెన్నెల తప్ప దానికి మనిషి పట్టడనీ, శ్రమ పట్టదనీ ఆ విమర్శ సారాంశం. విద్యార్థుల చేత వసంత హైకూలు రాయించబూనే ముందు ఈ అభిప్రాయాన్ని చరిత్ర వెలుగులో పరీక్షించడం అవసరం.

బషో (1644–1694) 1686లో రాసిన కప్ప హైకూ లోకప్రసిద్ధం. జపాను సంప్రదాయంలో కప్ప వసంతానికి సంకేతం. హైకూలో ఋతువును సూచించే ఇలాంటి మాటను ‘కిగో’ అంటారు. ఈ మాటలను వర్గీకరించిన ఋతుకోశాల్లో చెర్రీపూలే కాదు, మనుషుల జీవనమూ ఒక ప్రత్యేక విభాగం. పొలం తవ్వడం, విత్తనాలు చల్లడం, తేయాకు కోయడం వసంత సంకేతాలే. అంటే శ్రమ హైకూకు పరాయిది కాదు. దాని పునాదిలోనే ఉంది.

ఆ పునాదిని మరుగుపరచినది కాలం కాదు, దృక్పథం. మసవోక షికి (1867–1902) ఈ రూపానికి ‘హైకూ’ అన్న పేరు స్థిరపరిచాడు. ఆయన శిష్యుడు తకహమ క్యోషి 1928లో పూలనూ పక్షులనూ గానం చేయడమే హైకూ ధర్మమన్నాడు. 1930లలో నవ్య హైకూ కవులు దీనిని ధిక్కరించారు. యుద్ధాన్నీ, నగరజీవితాన్నీ వస్తువులుగా స్వీకరించారు. ఋతుసంకేతం లేకుండానూ రాశారు. ఫలితం? 1940లో ‘క్యోటో విశ్వవిద్యాలయ హైకూ’ పత్రిక కవులను శాంతిభద్రతల చట్టం కింద అరెస్టు చేశారు. మూడు పాదాల కవితకు సైనిక ప్రభుత్వం భయపడింది! 1942లో రాజ్యసేవకై ఏర్పడిన రచయితల సంఘంలో హైకూ శాఖకు అధ్యక్షుడు క్యోషియే కావడం యాదృచ్ఛికం కాదు. రూపం ఒకటే, అది ఎవరి పక్షాన నిలిచిందన్నదే ప్రశ్న.

మన దేశంలో 1916లోనే సుబ్రహ్మణ్య భారతి తమిళంలో జపాను కవిత్వాన్ని పరిచయం చేశాడు. ఆ ఏడే జపాను వెళ్ళిన టాగోరు బషోను బెంగాలీలోకి తెచ్చాడు. తెలుగులో హైకూ విస్తరించినది 1990లలో. ఇస్మాయిల్ సంపుటి ‘కప్పల నిశ్శబ్దం’ 1997లో వెలువడింది.

ఇక మన విద్యార్థుల సంగతి. ప్రబంధాలు వారికి మలయమారుతాన్నీ కోకిలనూ ఇచ్చాయి. హైకూ అనువాదాలు చెర్రీపూలనిచ్చాయి. పామర్రు ప్రాంతపు పిల్లవాడు చూసే వసంతం ఈ రెండింటిలోనూ లేదు. ఉగాది నాటికి మాగాణిలో మినుము తీత అయిపోతుంది. కూలికి పని తగ్గుతుంది. నేల బీటలు వారుతుంది. కాలువలు కట్టేస్తారు, శివారు గ్రామాలకు మంచినీటి చెరువే దిక్కు. వేపపూత, తాటిముంజ, ఎండిన కాలువ – ఇవీ మన కిగోలు.

ఛందస్సు విషయంలోనూ గుడ్డి అనుకరణ పనికిరాదు. జపానులో 5–7–5 అన్నవి అక్షరాలు కావు. దీర్ఘాన్ని రెండుగా లెక్కించే కాలప్రమాణాలు. మన మాత్రలకు అవి దగ్గర. లెక్క కన్న ముఖ్యమైనది రెండు దృశ్యాల నడుమ విరుపు. ఉదాహరణకే రాసిన ఈ మూడు పాదాలు చూడండి:

కట్టిన కాలువ –
బురదలో వెదుకుతూ
కొంగ, కుర్రవాడు

ఇందులో ఆకలి అన్న మాట లేదు. కాని ఆ రెంటి నడుమ ఉన్నది అదే. నినాదం చెప్పనక్కరలేకుండా వాస్తవాన్ని చూపించగల శక్తి ఈ రూపానికుంది.

కనుక ఉపాధ్యాయులు విద్యార్థులను ముందు పుస్తకాల్లోకి కాదు, కాలువగట్టు మీదికి తీసుకుపోవాలి. ఏ పూవు పూసిందన్న ప్రశ్నతోపాటు ఏ పని ఆగిపోయింది, ఎవరు ఎక్కడికి వలసపోయారు అన్న ప్రశ్నలూ వేయించాలి. వసంతం ప్రజలందరిదీ అయినప్పుడే దాని మీద కవిత్వమూ ప్రజలదవుతుంది.