ముద్దుపేర్లు, సాలెపురుగు భయము

ఈ సాయంకాలము నేను ముచ్చటింపబూనిన విషయము విని మీలో కొందఱు నవ్వుకొందురేమో. సాలెపురుగును చూచి మనుష్యుడేల భయపడును? కడుపార కన్న బిడ్డకు పెంటయ్య యని పేరేల పెట్టును? ఈ రెండు ప్రశ్నలకును సంబంధమేమని మీరడుగవచ్చును. సంబంధము కలదు. అది దేశచరిత్రలోను కలదు, మా యింటిలోను కలదు.

మన పల్లెలలో పెంటయ్య, పుల్లయ్య, కుప్పమ్మ, బిచ్చయ్య, తవిటయ్య యను పేర్లు విననివారుండరు. పుట్టిన బిడ్డలు వరుసగా దక్కకపోయినచో, తరువాతి బిడ్డను పెంటకుప్పమీద పరుండబెట్టి యెత్తుకొనుటయో, ఎంగిలి విస్తళ్లలో దొర్లించుటయో, చేటెడు తవుటికి పొరుగువారికి అమ్మినట్లు నటించుటయో ఆచారముగ నుండెను. ఆ తంతు దేనితో జరిగినదో దాని పేరే బిడ్డకు నిలుచును. ఇది పనికిరాని వస్తువని తలచి మృత్యువు దానివంక చూడదని వారి నమ్మకము. పరాయివానికి వెక్కిరింతగ దోచు నా పేరు, నిజమునకు, తల్లిదండ్రుల ప్రేమకును భయమునకును కప్పిన ముసుగు.

నాకును బడిలో వ్రాయించిన పేరొకటి, ఇంటిలో పిలిచిన పేరొకటి. ఇంటిలో నేను తవిటయ్యను. నాకు ముందు పుట్టిన యిద్దఱన్నలును ఏడాది నిండకయే పోయిరట. నేను పుట్టిన పదునొకండవనాడు మా మేనత్త చేటెడు తవుడు కొలిచి నన్ను కొనినదట. మా అమ్మ ఈ సంగతి ఒక్కనాడును నాతో చెప్పలేదు, మేనత్తయే చెప్పినది.

మా అమ్మకు సాలెపురుగనిన ప్రాణభయము. గోడమీద నది కదలిన చాలును, కెవ్వున కేకవేసి, నన్ను చంకనెత్తుకొని వీధిలోనికి పరుగెత్తెడిది. అది మేనిమీద ప్రాకిన పొక్కులు లేచుననియు, పసిబిడ్డ దక్కడనియు ఆమె నమ్మిక. ఆ కేక వినివిని నాకును ఆ భయమే పట్టినది. మీసములు వచ్చిన పిమ్మటగూడ సంక్రాంతికి బూజు దులుపవలసివచ్చిన, బూజుకఱ్ఱ ఇంకొకరి చేతికిచ్చి నేను వాకిట నిలుచుండెడివాడను.

భయపడు వస్తువును దాని పేరుతో పిలువకుండుట మనకు పాత యలవాటు. చీకటిపడిన తరువాత పామును పామనరు, పురుగందురు. మశూచికమును అమ్మవారనిరి, తల్లి యనిరి. ఆ రోగము లోకమునుండి తొలగినదని 1980 లో ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించినది. రోగము పోయినది కాని, దానికి భయపడి పెట్టిన పేరు మన నోట నిలిచియే యున్నది. పామునెడ భయము న్యాయమే యని యొప్పుకొనవలెను. 2000 మొదలు 2019 వఱకు మనదేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది చనిపోయిరని 2020 లో వెలువడిన పరిశోధన లెక్కకట్టినది. సాలెపురుగు సంగతి యట్టిది కాదు. ఇండ్లలో తిరుగు సాలెపురుగులవలన మనకు ప్రాణభయము లేదు. అయినను దానిని చూచిన ఒడలు జలదరించువారు లోకమంతట నున్నారు. ఈ భయము ఎచ్చటినుండి వచ్చినది?

మొదట మన గ్రంథములనే చూతము. సాలె యనగా నేతగాడు. మనవారు ఆ పురుగును పనివాని పేరుతోనే పిలిచిరి. గ్రీకుల కథలోగూడ అరాక్నీ యను నేతకత్తె దేవతతో పందెమువేసి సాలెపురుగైనది. ముండకోపనిషత్తు అక్షరబ్రహ్మమునుండి జగత్తు పుట్టు విధమును చెప్పుచు, దారమును వెలికి తీసి మరల లోనికి గ్రహించు ఊర్ణనాభినే పోలికగ దెచ్చినది. శ్రీకాళహస్తి పేరులో మొదటి యక్షరమైన శ్రీ సాలెపురుగే. శివలింగముపై గూడల్లి ముక్తి గాంచిన భక్తుడది. ఆ కథను మన ధూర్జటి కావ్యముగ వ్రాసెను.

వైద్యులు మాత్రము వేఱుగ జూచిరి. సుశ్రుతసంహితలో కల్పస్థానమున 16 విధములైన సాలెపురుగుల విషము చెప్పబడినది. విశ్వామిత్రుడు కామధేనువును గొనిపోజూచినపుడు, వసిష్ఠుని నొసటి చెమట కోసియుంచిన గడ్డిపై పడి యవి పుట్టెననియు, కోయబడినదాని యందు పుట్టుటచే లూత యను పేరు కలిగెననియు ఆ గ్రంథము కథ చెప్పును. ఒకే పురుగు గుడిలో భక్తుడు, వైద్యమున విషము, ఇంటిలో బూజు. పేరు మాఱినప్పుడెల్ల మన చూపును మాఱినది.

ఇక ఇటలీ దేశమునకు పోవుదము. ఏలయన సాలెపురుగు భయము ఒక యూరి పేరుతో లోకమంతట ప్రాకినది అచ్చటినుండియే. పటమున ఇటలీ కాలిజోడువలె కనబడును. ఆ జోటి మడమ చెంత సముద్రతీరమున టారాంటో యను ప్రాచీననగరము కలదు. ఆ ప్రాంతపు పొలములలో పెద్ద సాలెపురుగులు నేలలో బొఱియలు చేసికొని యుండును. ఊరి పేరునుబట్టి వానికి టారాంట్యులా యను పేరు వచ్చినది. ఎండకాలమున గోధుమకోతల దినములలో కూలివారు, ముఖ్యముగ స్త్రీలు, ఉన్నట్లుండి కూలబడెడివారు. సాలెపురుగు కఱచినదనెడివారు. నిట్టూర్పులు విడిచెడివారు, ఏడ్చెడివారు, మాటలాడకుండెడివారు. దానికి మందు సంగీతమొక్కటియే యని నమ్మిక. ఫిడేలును కంజిరయు పట్టుకొని వాద్యగాండ్రు వచ్చి, రోగి కాలు కదలు రాగము దొరకువఱకు వాయించెడివారు. రాగము దొరకినతోడనే రోగి లేచి, ఒక దినము గాదు, రెండు మూడు దినములు ఆడి ఆడి, చెమటయోడ్చి, తేఱుకొనెడిది. మరుసటి యేడు ఎండలు రాగానే ఆ జబ్బు మరల తిరుగబెట్టెడిది. 15 వ శతాబ్దము మొదలు 17 వ శతాబ్దము వఱకు ఇది మిక్కిలి ప్రబలినది. కిర్ఖర్ అను జెస్యూటు పండితుడు 1641 లో ప్రకటించిన గ్రంథమున ఆ మందురాగములను స్వరములతోసహా అచ్చువేయించెను. టారాంటెల్లా యను నాట్యము నేటికిని ఆ పేరును మోయుచున్నది.

తరువాతి వైద్యులు విచారింపగా తేలినదేమి? టారాంటో పేరు మోసిన ఆ పెద్ద సాలెపురుగు కాటు మనుష్యునకు అంత హాని చేయదు. ఆ పొలములలోనే ఎఱ్ఱచుక్కలుగల చిన్న నల్లని సాలెపురుగు వేఱొకటి కలదు. కండరములు పట్టుకొనిపోవునట్లు, ఒడలెల్ల చెమటపట్టునట్లు చేయు విషము దానిది. దాని జాతిదే యైన అమెరికా సాలెపురుగును 1933 లో అలబామా విశ్వవిద్యాలయమున ఆలన్ బ్లెయిర్ అను వైద్యాచార్యుడు తన చేతివ్రేలిపై నుంచుకొని 10 సెకనులపాటు కఱవనిచ్చి, దుర్భరమైన నొప్పితో ఆసుపత్రిలో పడియుండి, కోలుకొనెను. చిన్నది చేసిన దోషమునకు పెద్దదానికి చెడ్డపేరు వచ్చినదన్నమాట.

అంతటితో నైనను కథ ముగియలేదు. 1959 లో ఎర్నెస్టో డి మార్టినో యను ఇటలీ పండితుడు మనోవైద్యునితోను, సంగీతజ్ఞునితోను కూడ ఆ సీమకు పోయి, ఇంకను ఆ యాచారమును పాటించుచున్నవారిని చూచి, 1961 లో గ్రంథము వ్రాసెను. జూన్ 29 వ తేదిని గలాటినా యను నూరిలోని పాలుభక్తుని చిన్నగుడికి వారు వచ్చి మ్రొక్కుకొనెడివారు. వారిలో స్త్రీలే యెక్కువ. చాలమంది పేదకాపు కుటుంబములవారు. ఒక్కసారి కఱచిన విషము ఏటేట అదే ఋతువున తిరుగబెట్టుట యెట్లు? ఆయన తెలిసికొన్నదేమనగా, అనేకుల విషయమున ఆ జబ్బునకు మూలము పురుగు కాదు. ఇష్టములేని పెండ్లి, దక్కని ప్రేమ, ఆత్మీయుల మరణము, ఒడలు విఱుగు చాకిరి. ఈ దుఃఖములను నోరువిప్పి చెప్పుకొనుటకు ఆ స్త్రీలకు చోటు లేదు. సాలెపురుగు కఱచినదనిన మాత్రము ఊరంతయు వచ్చి చుట్టును కూర్చుండును. కనుక పేరులేని దుఃఖమునకు వారు సాలెపురుగు పేరు పెట్టిరి. ఇది చదివినప్పుడు నాకు తవిటయ్య, పెంటయ్య గుర్తునకు వచ్చిరి. అక్కడ దుఃఖమునకు ముసుగు. ఇక్కడ ప్రేమకు ముసుగు.

ఆ పేరు అంతటితో నాగలేదు. ఐరోపావారు అమెరికాకు పోయి, అచ్చట బొచ్చుగల పెద్ద సాలెపురుగులను చూచి, వానినిగూడ టారాంట్యులా యనిరి. ఆ పేరు తిరిగి తిరిగి మన సీమకును వచ్చినది. 1899 లో పోకాక్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు నీలమణివలె మెరయు నొక సాలెపురుగును వర్ణించెను. అది దొరికిన చోటు మన గుత్తిలో రైలువారి కలపడిపో. కలపతో బాటు రైలులో వచ్చినదని యూహ. తరువాత నూఱేండ్లు దాని జాడ లేదు. 2001 లో గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరమున, నంద్యాలకును గిద్దలూరునకును నడుమనున్న అడవిలో, పాతచెట్ల తొఱ్ఱలలో మరల కనబడినది. ఉనికి 100 చదరపు కిలోమీటర్లకు మించదనియు, చెట్లు కొట్టుటచే అది నశింపవచ్చుననియు తలచి, 2008 లో దానిని మిక్కిలి యపాయముననున్న జీవముల పట్టికలో చేర్చిరి. 2019 లో జెనీవాలో జరిగిన సభ దాని కులమంతటి విదేశవ్యాపారమునకు కట్టుబాటు విధించినది. విచిత్రమేమనగా, ఐరోపా, అమెరికాలలో వేడుకకు సాలెపురుగులను పెంచువారు దానిని గుత్తినీలమని గారాబముగ పిలిచి గాజుపెట్టెలలో పెంచుచున్నారు. మన గుత్తివారిలో దాని పేరు విన్నవారెందఱు?

ఇక భయము పుట్టుక మాట. 2022 నాటికి శాస్త్రజ్ఞులు పేరుపెట్టిన సాలెపురుగుల జాతులు 50,000 దాటినవి. మనుష్యునకు హాని చేయగలవి వానిలో చాల కొద్ది. ఆఱునెలల పసివారికి బొమ్మలు చూపి 2017 లో ప్రకటించిన యొక పరీక్షలో, పూవును చూచినప్పటికంటె సాలెపురుగును చూచినప్పుడు వారి కనుపాపలు ఎక్కువ పెద్దవైనవట. కావున గింజ పుట్టుకతోనే యుండవచ్చును. దానికి నీరుపోసి చెట్టు చేయునది పెద్దల కేకయే యని నా యనుభవము.

ఈ భయమును పోగొట్టుటకు ముద్దుపేర్లు పెట్టువారును గలరు. ఆస్ట్రేలియాలో నెమలివలె రంగులు విప్పి నాట్యమాడు చిన్న సాలెపురుగొకటి కలదు. 2015 లో దానికి శాస్త్రీయనామము పెట్టునాటికే, దానిని చూచిన విద్యార్థిని మెరయు తీపిరొట్టె యను నర్థమువచ్చు స్పార్కుల్‌మఫిన్ అను పిచ్చిపేరు పెట్టినది. లోకమునకు ఆ పేరే నచ్చినది. నవ్విన భయము తగ్గుట నిజమే. కాని కాలిఫోర్నియాలో 88 మంది సాలెపురుగు భయస్థులతో పరీక్షచేసి 2012 లో ప్రకటించిన ఫలితము నన్ను మఱింత యాలోచింపజేసినది. కొందఱిని బొచ్చుసాలెపురుగు దగ్గఱకు పంపుచు, ఇది చిన్నపురుగు, నన్నేమియు చేయదని చెప్పుకొనుడనిరి. కొందఱిని, ఇది అసహ్యముగ నున్నది, నామీద కెగురునేమో యని నాకు భయమగుచున్నదని ఉన్నదున్నట్లు చెప్పుడనిరి. వారము గడచిన పిమ్మట మరల పిలువగా, భయమును దాని పేరుతో చెప్పినవారి యరచేతులకే తక్కువ చెమట పట్టినది. వారే దానికి మఱింత దగ్గఱకు పోగలిగిరి.

మా అమ్మ పోయి చాలకాలమైనది. ఈ సంగతులు చదివిన పిమ్మట నాకు తోచినది చెప్పెదను. ఆమె కేక సాలెపురుగును చూచి కాదు. ఇద్దఱు పోయిన యింటిలో మూడవవాడును పోవునేమో యని. ఆ మాట పైకనిన నిజమగునని భయపడి, జీవితాంతము దానిని సాలెపురుగు మీద పెట్టినది. నేను ఆమెవద్ద నేర్చినది పురుగుభయము కాదు, బిడ్డభయము. నా పిల్లలకును నేను దానినే నేర్పితిని.

కడచిన శీతకాలమున నా మనుమరాలు, తాతా, నిన్ను తవిటయ్య యని యేల పిలిచిరని యడిగినది. చెప్పితిని. మఱునాడు వంటయింటి గోడమీద అరచేయంత సాలెపురుగు కనబడగా నేను చీపురు తెమ్మంటిని. ఆ పిల్ల చేతులు చాచి అడ్డము నిలిచి, దీనికి తవిటయ్య యని పేరుపెట్టితిని, ఇక దీనిని చంపరాదన్నది. కేకవేయబోయి యాపుకొని, అమ్మా, నాకు దానిని చూచిన భయమే, చిన్ననాటినుండి భయమే యని చెప్పితిని. అట్లు చెప్పుట నా బ్రతుకున అదే మొదటిసారి. ఆ పిల్ల నా చేయి పట్టుకొనినది. ఇద్దఱమును కొంతసేపు దానిని చూచుచు నిలిచితిమి. అది ఒక బొద్దింకను పట్టుకొని దూలము వెనుకకు పోయినది.

పెద్దలారా, ఏ పురుగు కఱచినను నొప్పి హెచ్చుచున్నచో ఆసుపత్రికి పోవలసినదే. అందు సందేహము లేదు. కాని మీ యింటి పసివారి యెదుట కేకవేయుటకు ముందు, మీ భయము దేనినిగూర్చియో ఒక్కసారి తరచిచూచుకొని, దానిని దాని పేరుతోనే వారికి చెప్పుడు. పసివాండ్రు దానిని మోయగలరు. మోయలేనిది మనము చెప్పక దాచినదే.

సెలవు.